ఒకే అచ్చులో రెండు కార్లు

సుల్తానాబాద్,
4 జూన్ 1962.

బావగారికి రామకిషన్ దండాలు.

ఇక్కడ మేమందరం బాగనే ఉన్నం. మీ ఒంట్ల ఎట్లున్నది? వంటకు పోశవ్వ సరిగ వస్తున్నదా? ఇక్కడ ఎండలు ఇంక తగ్గలే. మిల్లు బందు పెట్టిన. పనిలేక రాస్తున్ననుకోకండ్రి. ఆరు నెలల సంది కాయితం ముందట పెట్టుకునుడు, మళ్ల లోపల పెట్టుడు, గిదే పని. రాసే తెలుగు నాకు రాదని మీకు ఎరుకే. మా బడి అంత ఉర్దూలనే నడిచింది. మాట్లాడినట్టే రాస్త, మీరే దిద్దుకొని చదువుకోండ్రి.

ఒక సంగతి అడుగాలె. మా చెల్లె జానకి ఎర్ర బొమ్మకారు మీ దగ్గరనే ఉన్నది గద? బిస్కెట్ల డబ్బల, దూది నడుమ ఉంటది. పోయిన ఏడు ఉగాదికి వచ్చినప్పుడు అది మా సరోజనకు మాట ఇచ్చింది, ఆ కారు నీకే ఇస్త అని. పిల్లకు ఆరేండ్లు. మరిచిపోతదనుకున్న. మరువలే. "అత్త కారు ఎప్పుడొస్తది బాపూ" అని వారానికి ఒకసారన్న అడుగుతది.

ఆ కారు కథ మీకు అది చెప్పే ఉంటది. నాకు ఏడేండ్లు, దానికి ఐదు. బాపు మమ్ముల హైదరాబాద్ తీసుకపోయిండు. ఆబిడ్స్‌ల ఒక ఇంగ్లీషు సామాన్ల దుకాణంల నాకు పచ్చ రంగు కారు కొన్నడు. పోత కారు, చేతిల పెట్టుకుంటె మంచి బరువు. ఆడపిల్లకు కారెందుకని దానికి పూసల దండ కొన్నడు. అది దండను అక్కడ్నే ఇడిచిపెట్టి దుకాణం నేల మీద పండుకున్నది. దుకాణపాయన "దొరసాని లెక్కున్నది" అని నవ్వి అసొంటిదే ఎర్రది తెచ్చిచ్చిండు. నేను నా కారును నాశనం చేసిన. అది మాత్రం తన కారును ఒక్కనాడు నేల మీద నడపలే. దూదిల పెట్టింది.

ఇంకొకటి. మా ఇంటిది, మీ చెల్లె వరుస రాధాబాయి ఊకె అంటది, జానకిని కాన్పుకు ఇక్కడికి తోలి ఉంటె మనిషి దక్కేదని. బావను అట్ల అనొద్దని నేను కోపం చేసిన. కాని నా మనసుల గూడ అదే ఉన్నది. దాచి రాసుడెందుకు?

మీ దవాఖాన డాక్టర్ ఏమన్న కాయితం ఇచ్చిండా? ఏం రోగమని రాసిండు? జర తెలుపుండ్రి.

మీ
రామకిషన్‌రావు

*

బెల్లంపల్లి,
13 జూన్ 1962.

రామకిషన్‌రావుగారికి,

మీ ఉత్తరం అందింది. ఆరోగ్యం బాగుంది. పోశవ్వ వస్తోంది.

డబ్బా తీశాను. డిసెంబర్ తర్వాత తీయడం ఇదే. కారు దూదిలోనే ఉంది. పైకప్పు మీద వెంట్రుకంత చీలిక ఉంది. ముందు ఎడమ చక్రం తిరగడం లేదు. నేను పడవేయలేదు. ఆమె ప్రతి దీపావళికి దీన్ని బయటికి తీసి మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త దూది పెట్టేది. పదేళ్లు చూశాను. అప్పుడు ఈ చీలిక లేదు.

ఇప్పుడు పంపలేను. దారిలో విరుగుతుంది.

మీ కారు ఇంకా ఉందా? ఉంటే పొడవు, బరువు కొలిచి రాయండి. చీలికలు ఉన్నాయేమో చూడండి. రెండూ ఒకే రోజు ఒకే చోట కొన్నవి కాబట్టి అడుగుతున్నాను. ఇది ఇంతటితో ఆగుతుందో లేదో నాకు తెలియాలి. ఆమె వస్తువులు మిగతావన్నీ వాడుకునేవి. చీరలు, గిన్నెలు. ఇది ఒక్కటే ఆమె దాచుకున్నది.

డాక్టరు కాగితం ఏదీ ఇవ్వలేదు. నేను అడగలేదు.

కాన్పు సంగతి రాశారు. చదివాను. కంపెనీ దవాఖాన నాలుగడుగుల దూరంలో ఉందని ఇక్కడే ఉంచింది నేనే. ఎనిమిదో నెల నడుస్తోందని, ఇంకా సమయం ఉందని అనుకున్నాను. ఇద్దరూ దక్కలేదు.

సరోజనకు ఆశీస్సులు.

కరుణాకర్‌రావు

*

సుల్తానాబాద్,
27 జూన్ 1962.

బావగారికి దండాలు.

మొన్న మొదటి వాన పడ్డది. ఇల్లు ఉరుస్తున్నది, గూనపెంకలు తిప్పేటోడు దొరుకుతలేడు. మీ కంపెనీ క్వార్టర్లే నయం.

మీ ఉత్తరం రాధాబాయికి చదివి చెప్తుంటె సరోజన తలుపు చాటుకు ఇన్నది. "మామ పలగ్గొట్టిండా?" అన్నది. కాదు బిడ్డా, దానంతట అదే పలిగిందంట అన్న. "దానంతట అది ఎట్ల పలుగుతది? రేపటి సంది నేను గూడ గట్లనే చెప్త" అన్నది. బావగారూ, నిజం చెప్పుండ్రి, చేతులకెళ్లి జారిందా? నేనేమనను.

నా కారు సంగతి అడిగిండ్రు. ఉన్నది. దాని రంగు పోయి ఇరవై ఏండ్లాయె, ఇప్పుడు అది పచ్చదంటె ఎవరు నమ్మరు. కంసాలి దశరథం తక్కెడల తూచిన. "దొరా, బంగారం తూచే తక్కెడల జస్తా పెట్టిస్తున్నరు, ఇగ నా దుకాణం నడిచినట్టే" అని ఎక్కిరించిండు. ఎనిమిది తులాలకు ఒక వీసం తక్కువ. పొడుగు మూడంగుళాల ముప్పావు, మీద రవ్వంత. చీలికలు లేవు. సొట్టలున్నయి, ఎన్నని రాయను?

దీని మీదికెళ్లి ఒట్టి ఎడ్లబండి చక్రం పోయింది. కప్పు ఒక దిక్కు ఒంగింది, పలుగలే. రజాకార్ల గడ్‌బడ్‌ల మేము ఇల్లిడిచి నిజాం సరిహద్దు దాటి చాందా పోయినప్పుడు ఇది పెరట్ల మన్నుల ఒక వానకాలం అంత పడి ఉన్నది. వచ్చినంక కడిగి నూనె పెడితె మళ్ల ఉరికింది. అప్పటికి నేను మీసాలొచ్చినోన్ని, కారును చూసి ఏడ్చిన. అది మాత్రం తన కారును కొంగుల ముడేసుకొని చాందా దాక తెచ్చింది. బియ్యం మూట ఎవరు పట్టుకోవాలె అని బాపు మొత్తుకున్నడు. ఒక చేతిల బియ్యం, ఒక చేతిల కొంగు ముడి. బండి దిగినంక పది కోసుల నడక. నడుమ నడుమ కూసునేది. మొండిది.

పోయిన ఏడు సరోజనకు హైదరాబాద్‌ల కొత్త తీరు కారు కొన్న. గది గూడ పోత కారే. కిటికీలకు అద్దాలు, లోపట సీట్లు, కింద స్ప్రింగు, అదిమితె లేస్తది. చూస్తె మస్తు. నాలుగు రోజులకు ఇరుసు ఒంగింది, ఆరోనాడు అద్దం లోపట పడి లొడలొడ. మన పాత కార్లకు అద్దాల్లేవు. కిటికీలల్లకెళ్లి రెండు వేళ్లు పెట్టి గట్టిగ పట్టి ఉరికించొచ్చు. చూసేటందుకు కొత్తది, ఆడేటందుకు పాతది. గింతే నా తీర్పు.

నా కారు గట్టయ్య చేతికిచ్చి పంపుతున్న. మా మిల్లుల హమాలి. ఆయన అల్లుడు మీ బెల్లంపల్లి బొగ్గుబాయిలనే చేస్తడు. రెండు పక్కపక్క పెట్టి చూడుండ్రి.

డాక్టర్ కాయితం మరువకండ్రి.

రామకిషన్‌రావు

*

బెల్లంపల్లి,
10 జూలై 1962.

రామకిషన్‌రావుగారికి,

గట్టయ్య ఆదివారం వచ్చాడు. కారు, మామిడికాయ తొక్కు అందాయి. రాధాబాయికి నా ధన్యవాదాలు. రెండు కార్లూ బల్ల మీద పెట్టాను. గట్టయ్య చాలాసేపు చూశాడు. "కవలపిల్లలు లెక్కున్నయి దొరా. ఒకటి ఎండల తిరిగింది, ఒకటి నీడ పట్టున పెరిగింది. నీడల పెరిగిందానికే జబ్బు చేసినట్టున్నది" అన్నాడు. ఈ నెలల్లో మా ఇంట్లో అంత మాట్లాడిన మనిషి లేడు.

నేను చూసినవి రాస్తున్నాను.

రెండూ ఒకే అచ్చులో పోసినవి. బానెట్ పక్కన గాలి గీతలు పది ఉన్నాయి. వాటిలో ఆరోది మధ్యలో తెగింది. రెండింటిలోనూ అదే గీత, అదే చోట. అచ్చులో ఉన్న గాటు అది. ఇరుసు చివరలు మేకు తలలా కొట్టి వదిలారు. అడుగున రేకు. కిటికీల మూలలు పదునుగా కోయలేదు, గుండ్రంగా ఉంచారు. అచ్చు చెక్కినవాడు పనివాడు. లోహం మూలల దగ్గరే ముందు తెగుతుందని అతనికి తెలుసు. బండి చక్రం కింద మీ కారు ఒంగి, తెగకపోవడానికి కారణం అదే. మీ కారుకు కొన్ననాటి టైర్లు లేవు. సైకిల్ ట్యూబు కోసి తొడిగిన రింగులు నాలుగూ నాలుగు మందాలు. అయినా సాఫీగా వెళుతుంది. బల్ల ఈ చివర వదిలితే ఆ చివరకు చేరింది.

ఆమె కారుకు టైర్లు దుకాణంలో ఉన్నట్టే తెల్లగా ఉన్నాయి. రంగు ఎక్కడా పోలేదు. కానీ కదలదు. నేను పనిచేసే కంపెనీ లాబొరేటరీ నుంచి కొలిచే సాధనం తెచ్చాను. మీది 3.78 అంగుళాలు. ఆమెది 3.85. ఒకే అచ్చు అయినప్పుడు ఇలా ఉండకూడదు. ఆమెది పెరిగింది. పెరిగి ఇరుసును బిగబట్టింది. అందుకే చక్రం తిరగడం లేదు. నెల క్రితం ఒక చీలిక. ఇప్పుడు నాలుగు. డబ్బా, దూది, కారు కలిపి తూచి ఉంచాను. పదమూడు తులాలు.

ఆడుకున్నది బాగుంది. దాచుకున్నది చెడింది. ఎందుకో రాయడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు.

మీ కారు ఇంకొన్నాళ్లు ఇక్కడ ఉండనివ్వండి. ఒక్కటే ఉంటే తేడా తెలియదు.

డాక్టరు కాగితం గురించి గట్టయ్యతో మళ్లీ అడిగించారు. వీలు చూసి డాక్టరును అడుగుతాను.

కరుణాకర్‌రావు

*

(కార్డు)

బెల్లంపల్లి,
22 ఆగస్టు 1962.

రామకిషన్‌రావుగారికి, రిపోర్టు వచ్చింది. అది పుట్టుకతోనే అలా ఉంది. లోపలి దోషం బయటికి కనిపించదు. ఎన్నేళ్లు పట్టినా చివరికి ఇదే జరిగేది. ఎక్కడ ఉంచినా, ఎవరు చూసుకున్నా ఆగేది కాదు. ఇచ్చినవారికి తెలిసి ఉండదు. వివరంగా తర్వాత రాస్తాను. కరుణాకర్‌రావు.

*

సుల్తానాబాద్,
25 ఆగస్టు 1962.

బావా,

కార్డు ముట్టింది. తపాల తెచ్చే నాగయ్య సైకిల్ మీద ఉండంగనే చదివినట్టున్నడు. రోజు ఏదో ఒకటి అని నవ్వించి పోయేటోడు, మొన్న నా చేతిల పెట్టి సైకిల్ తిప్పుకొని పోయిండు. రాధాబాయికి చదివి చెప్పిన. ఇని పొయ్యి దగ్గరికి పోయి కూసున్నది. పొయ్యి మీద ఏం లేదు.

ఇచ్చినవారికి తెలిసి ఉండదు అని రాసినవు.

తెలుసు బావా.

నువ్వు తిట్టి రాసి ఉంటె నేను నోరు మూసుకొని ఊకుందును. పిల్లను చూపించి మోసం చేసిండ్రు అని నలుగుర్ల అనివుంటె గూడ ఊకుందును. నువ్వు మంచిగ రాసినవు. మమ్ముల కాపాడినట్టు రాసినవు. గందుకే రెండు రోజుల సంది నాకు తిండి సయిస్తలేదు.

చాందా నుంచి వచ్చిన మరుసటేడు. దానికి పదహారు. మిద్దె మెట్లు ఎక్కుతుంటె కూలబడ్డది, పెదవులు నీలం తిరిగినయి. బాపు, నేను హైదరాబాద్ తీసుకపోయినం. పెద్ద డాక్టర్ చాలసేపు చూసిండు. గుండెల రంధ్రమున్నది, పుట్టుకతోనే ఉన్నది, ఇన్నేండ్లు ఓర్సుకున్నది అన్నడు. పెండ్లి చేస్తె చేయుండ్రి, కాని కాన్పు ఓర్వదు అన్నడు. ఉర్దూల చెప్పిండు, మెల్లగ చెప్పిండు.

టాంగల నాంపల్లి టేషన్‌కు వస్తున్నం. బాపు నా దిక్కు వంగి అన్నడు, "ఈ మాట నీకు నాకు తప్ప మూడో మనిషికి తెలువొద్దు. తెలిస్తె దాని బతుకు గింతే." మూడో మనిషి మా ఎనుకనే కూసున్నది. అంత ఇన్నది. టేషన్ల సోడా కావాల్నా అని అడిగితె కావాలె అన్నది. తాగింది. అంతే.

మీ బాపు జాతకం అడిగిండు. జాతకం కలిసింది. ఇగ ఎవరు ఏమడగలే.

పోయిన ఏడు ఎండకాలంల నాకొక ఉత్తరం రాసింది. ఇప్పటికి నా దగ్గర ఉన్నది. అందుల ఉన్నది ఉన్నట్టు రాస్తున్న: "అన్నా, నెల తప్పింది. ఆయనకేమి చెప్పకు. పదేండ్లల్ల ఆయన నన్ను ఏది అడగలే. ఇప్పుడు ఒక్కటి అడిగిండు. లేదని ఎట్ల అనాలె? చూద్దాం. నీ చెల్లె మొండిది గద."

ఆనాడే నేను ఉరికి రావాల్సింది. నీకు చెప్పాల్సింది. రాలే. చచ్చిపోయిన బాపు మాట పోతదనుకున్న. దాని మాట గూడ నిలబెట్టినట్టయితదనుకున్న. ఆఖరికి అది మాత్రం నిలబడలే.

కాన్పుకు ఇక్కడికి తోలితె బతికేదని నిన్ను అన్న. గది అబద్ధం. అబద్ధమని తెలిసే అన్న. ఎవరినో ఒకరిని అనకుంటె నన్ను నేను అనుకోవాల్సి వచ్చేది. డాక్టర్ కాయితం కోసం ఊకె అడిగింది గూడ గందుకే, మా సంగతి బయట పడ్డదా అని.

కొట్టు, తిట్టు, రాసుడు బందు పెట్టు. నాకు నోరు లేదు. కాని ఒక్కటి చెప్పు బావా. దాన్ని ఏమడిగినవు?

రామకిషన్

*

బెల్లంపల్లి,
3 సెప్టెంబర్ 1962.

రామకిషన్‌రావుగారికి,

మీ ఉత్తరం చదివాను. రెండుసార్లు.

నేను కార్డులో రాసింది కారు గురించి.

డాక్టరును నేను అడగలేదు. రిపోర్టు హైదరాబాద్ నుంచి వచ్చింది. కాలేజీలో నాకు రసాయనశాస్త్రం చెప్పిన సారుకు జూలైలో ఆమె కారు ముక్క పంపాను. అడుగున బియ్యపు గింజంత కోశాను. ఆ మాట మీకు రాయలేదు. ఆమె ఒక్క గీత పడనివ్వని వస్తువును కోశానని రాయడం నాకు ఇష్టం లేకపోయింది. రాసి ఉంటే మీరు ఆ కార్డును అలా చదివేవారు కాదు.

ఇంకొకటి కూడా ఉంది. మీరు ఆమెను అది అంటారు. అన్నగా మీకు అలవాటు. మీ ఉత్తరాలు మళ్లీ తీసి చూశాను. అది అని ఉన్న చోట చాలావరకు ఆమె ఉంది. నేను ఆమెను ఎన్నడూ అలా అనలేదు. నేను అది అంటే కారు. ఈ తేడా కార్డు రాసేటప్పుడు నాకు తోచలేదు. నేను మాటలు తక్కువ రాస్తానని ఆమె అనేది.

మీరు అనవసరంగా చెప్పారని రాయను. నాకు తెలియవలసిందే. ఇప్పుడు తెలిసింది.

రిపోర్టు ఇది. మీ కారుకు ఇది అవసరం కాబట్టి రాస్తున్నాను. మీరు జస్తా అనే ఈ జింకు పోతలో ఉండకూడనంత సీసం ఉంది. పదివేల పాళ్లలో నాలుగైదు పాళ్లు. అంత చాలు. ఆ పూట కరిగే కుండలో ఎవరో చిన్న సీసం తుంపు పడేసి ఉంటారు. పాత గొట్టం ముక్కో, టంకం తుంపో. అచ్చు ఒకటే, పోత వేరు. మీ కారు వేరే కుండలోది. సీసం కలిసిన జింకు చల్లబడినప్పుడు గట్టిగానే ఉంటుంది. రంగు పడుతుంది. దుకాణంలో మెరుస్తుంది. తర్వాత రేణువుకూ రేణువుకూ మధ్య నుంచి మెల్లగా విడిపోతుంది. ఇరవై ఏళ్లు పట్టవచ్చు. తేమ ఉంటే త్వరగా. దూది తేమను పట్టి ఉంచుతుందని సారు రాశారు. దూది పెట్టకపోయినా ఆగేది కాదని కూడా రాశారు. ఆపే మందు లేదు.

ఏమడిగావని అడిగారు.

పోయిన సంవత్సరం ఉగాదికి మీ ఇంటికి వచ్చి తిరిగి వెళ్లిన వారం అది. పక్క క్వార్టర్‌లో గుమాస్తా రామచంద్రంగారి బిడ్డకు పేరు పెట్టారు. భోజనం చేసి వచ్చాం. ఆమె డబ్బా తీసింది. కారును పైటచెంగుతో తుడిచి, "సరోజనకు ఇస్తనన్న. గట్టయ్య వస్తే పంపుదాం" అంది. ఆ రోజు ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. ఏదో తేల్చుకున్న మనిషిలా ఉంది. నాకు అది ఇప్పుడు అర్థమవుతోంది. మాకు పిల్లలు లేరన్న బరువును ఆమె ఆ రోజు దించుకుంది.

నేను అన్నాను: "అప్పుడే ఎందుకు? మనకే ఒకరు కలిగితే?"

ఆమె కారును మళ్లీ దూదిలో పెట్టింది.

అంతే. నేను అడిగినట్టు నాకు గుర్తు లేదు. అన్నట్టు గుర్తుంది. ఆమె అడిగినట్టు విన్నది.

ఇంక రాయలేను.

కరుణాకర్‌రావు

*

సుల్తానాబాద్,
12 సెప్టెంబర్ 1962.

బావా,

నీ ఉత్తరం చదివి నా చెంపలు నేను వాయించుకున్న. కారు గురించి అని తెలిస్తె ఆ మాట నా నోట్లె మట్టి పడేదాక బయటికి రాకపోవు. రాధాబాయి అంటది, "ఇన్నేండ్లు దాచిండ్రు, ఒక్క కార్డుకు తట్టుకోలేకపోయిండ్రా" అని. అననియ్యి.

బావా, నువ్వు అన్నది మాట. మొగుడన్నంక అంటడు. ఆబిడ్స్‌ల దుకాణం నేల మీద పండుకున్నది ఎవరు చెప్తె పండుకున్నది? అది తను అనుకున్నది చేసేటిదే. నువ్వు అన్నా అనకున్నా చేసేటిదే. ఈ మాట నీ మనసుకు కుదుటపడేటందుకు రాస్తలేను. నిజమనే రాస్తున్న.

గీ ముక్క రాసి మూడుసార్లు చదువుకున్న. నిజమో కాదో నాకే తెలుస్తలేదు.

దశరథంను అడిగిన, పలిగిన జస్తాకు టంకం పడుతదా అని. పడుతది, తెమ్మను అన్నడు. సరోజనకు అంత చెప్పలే, అత్త కారుకు జబ్బు చేసిందని చెప్పిన. "మరి మామ ఒక్కడే చూసుకుంటున్నడా?" అన్నది. అవునన్న. "అయితె నాకొద్దు, మామనే పెట్టుకొమ్మను" అన్నది. రంగుపెన్సిల్‌తోటి ఒక బొమ్మ గీసింది, ఇందుల పెడుతున్న. నాలుగు చక్రాలు ఒక్క దిక్కే ఉన్నయి, నవ్వకు.

దసరకు రా. రెండు రోజులు ఉండి పో. టేషన్‌కు నేనే బండి కట్టుకొని వస్త. దాని ఉత్తరం గూడ ఇస్త. నీ దగ్గర ఉండాల్సిన వస్తువది.

రామకిషన్

*

(కార్డు)

సుల్తానాబాద్,
21 నవంబర్ 1962.

బావా, దసర పోయింది, దీపావళి పోయింది. మూడు ఉత్తరాలకు జవాబు లేదు. చైనా లడాయి అని ఇక్కడ అందరు పరేషాన్. మా ఫికర్ నీ గురించే. డిసెంబర్ల ఏడాది కార్యం ఎక్కడ చేస్తున్నవు? మేము రావాలె. అన్నం మెతుకంత జవాబన్న రాయి. రామకిషన్.

*

బెల్లంపల్లి,
6 జనవరి 1963.

రామకిషన్‌రావుగారికి,

మీ ఉత్తరాలు, కార్డు అందాయి. సరోజన బొమ్మ అందింది.

ఏడాది కార్యం పోయిన నెల ఇక్కడే జరిపించాను. మీకు తెలపలేదు. మీరు వస్తే ఆ సంగతి మాట్లాడవలసి వచ్చేది. మాట్లాడకపోతే అది మన మధ్య కూర్చుని ఉండేది. క్షమించమని అడగను. కోపం కూడా లేదని మాత్రం తెలుసుకోండి. వెతికి చూశాను. లేదు.

ఆమె ఉత్తరం మీ దగ్గరే ఉంచండి. అందులో ఉన్నది మీరు రాశారు. ఆ అక్షరాలు చూడలేను.

దీపావళి రోజు డబ్బా తీశాను. ఆమె చేసినట్టే చేయాలనుకున్నాను. మెత్తటి గుడ్డతో కప్పును తాకాను. కప్పు ఊడి వచ్చింది. బానెట్ మూడు ముక్కలైంది. ఆ వారం నుంచి తాకలేదు, అయినా రోజూ కొంచెం రాలింది. ఇప్పుడు నాలుగు టైర్లు, రెండు ఇరుసులు, అడుగు రేకు ఉన్నాయి. మిగతాది బూడిద రంగు పలుకులు. వాటి మీద ఎర్ర రంగు పొట్టులా ఉంది. తెగిన గాలి గీత కోసం చూశాను. దొరకలేదు. దశరథంతో చెప్పండి. టంకం పట్టుకోవడానికి గట్టి అంచు కావాలి. అంచు లేదు.

మీ కారు గట్టయ్యతో పంపుతున్నాను. ఆరు నెలల్లో దాని పొడవు మారలేదు. చీలిక రాలేదు. మంచి కుండలో పోసినది. ఇక రాదు. రింగులు నాలుగూ ఒకే మందంలో కోసి తొడిగాను, ఇప్పుడు వంకర పోదు. సరోజనకు ఇవ్వండి. అత్త కారు ఇదేనని చెప్పవద్దు. ఇది బాపు కారు అని చెప్పండి. నేల మీద నడపనివ్వండి. మెట్ల మీద నుంచి వదిలినా ఏమీ కాదు. డబ్బాలో మాత్రం పెట్టనివ్వకండి.

ఇంక పోల్చడానికి నా దగ్గర ఏమీ లేదు. కాబట్టి రాయడానికి కూడా ఉండదు. మీరు రాస్తే చదువుతాను.

నిన్న డబ్బాను మళ్లీ తూచాను. జూలైలో తూచిన తక్కెడలోనే, అదే దూదితో. పదమూడు తులాలు. వీసం కూడా తగ్గలేదు. జానకి దాచుకున్నదంతా ఇందులోనే ఉంది. కారు లేదు.

కరుణాకర్‌రావు